తోడు వచ్చిన మనిషి

లింగరాజపురంలో టైర్ల అంగడి పైన మా క్లినిక్.
మెట్లు పదహారు.
పన్ను పీకించుకోను వచ్చినవాడు ఓబులేసు.
సుంకులమ్మ తోడు వచ్చింది,
ఒళ్లో అతని చొక్కా, టిఫిన్ డబ్బా,
మడత పెట్టిన కార్పొరేషన్ కోటు.

అతని దవడకు సూదేసి
మొద్దుబారేదాకా పది నిమిషాలు వదిలారు.
ఆ పది నిమిషాల్లోనే ఇదంతా.

ఖాళీగా ఉన్న రెండో కుర్చీ చూపించి
డాక్టర్ వినుత కన్నడంలో అంది,
"ఈమెని కూడా కూర్చోమను."
నేను తెలుగులో చెప్పాను. నా పని అదే,
పళ్లెంలో సామాన్లు సర్దడం,
ఆ భాషలోంచి ఈ భాషలోకి భయాన్ని మోయడం.

"నాకేం నొప్పి లేదే పాపా."
"నొప్పి లేనోళ్లనే చూస్తారు."
డాక్టర్ అనని మాట అది, నేనే కలిపాను.

నోట్లోది ఉమ్మి రమ్మంటే
సిగ్గుపడుతూ బేసిన్ దాకా పోయి
ఎర్రనీళ్లు తెల్లబడేదాకా పుక్కిలించింది.
తెల్లారకముందే మురిగిన అన్నం, డైపర్లు,
ఆదివారం రాత్రి కోడిపేగులు,
కడ్డిపుడి లేకుంటే ఆ వాసన ముందర నిలబడలేమని
తర్వాతెప్పుడో చెప్పింది.
ఆ రోజు మాత్రం "ఒకటీ అరా" అంది.
అందరూ ఇదే లెక్క చెబుతారు.

డాక్టర్ గాజ్ గుడ్డతో నాలుక కొస పట్టి
దూడని పలుపుతో తెచ్చినట్టు
మెల్లగా బయటికి లాగింది.
కుడి అంచు. ఎడమ అంచు. నాలుక కింద.
అంగిలి. చెంపల లోపల.

ఎడమ చెంపలో, వక్క దాచుకునే మూలలోనే,
మీగడ తరకలా తెలుపు.
గుడ్డతో తుడిచింది. పోలేదు.
మళ్లీ తుడిచింది.
డాక్టర్ ఏమీ అనలేదు,
లైటు కాస్త దగ్గరికి లాక్కుంది.
ఏడేళ్లుగా ఆమె పక్కన నిలబడుతున్నాను.
లైటు దగ్గరికి రావడమూ ఒక మాటే.

నీలిమందు పూసి కడిగించింది.
నీలమంతా దిగిపోయింది,
కందిగింజంత చోట ఉండిపోయింది.

పక్క కుర్చీలోంచి ఓబులేసు,
సగం చచ్చిన పెదవులతో,
"దానికెందుకమ్మా, దానికేం లేదు."

చిన్న ముక్క తీసి పంపాలంది డాక్టర్.
బియ్యపుగింజంత అన్నాను నేను.
పరీక్షకి అంది డాక్టర్.
దేని పరీక్షో నా నోట్లో ఆగింది.
మా అవ్వ దాన్ని రాచపుండు అనేది.
చీపురు గీతలు పడిన అరచేతులతో
కోటు ఒళ్లో పెట్టుకు కూర్చున్న మనిషికి
రాజుల పేరు పెట్టిన జబ్బు ఎలా చెప్పను?
క్యాన్సర్ అన్నాను, ట్రే వైపు చూస్తూ.
"ఉందని కాదు. చూసుకోడానికి."

ఆమె అడిగింది ఒకటే,
"రేపు డ్యూటీకి పోవచ్చునా?"
ఓబులేసు మాత్రం పీకిన పన్ను
పొట్లం కట్టించుకుని పోయాడు.

పన్నెండో రోజు కాగితం వచ్చింది.
కణాలు దారి తప్పడం మొదలెట్టాయి,
ఇంకా క్యాన్సర్ కాలేదు.
కన్నడంలో ఇన్నూ, తెలుగులో ఇంకా.
ఆ ఒక్క మాటని
రెండు చేతులా పట్టుకుని తెచ్చి ఆమెకిచ్చాను.
అప్పుడే ఆ తెల్లమచ్చ మొత్తం కోసి తీసేశారు.

మానేస్తానంది. మొదటి నెల మానలేదు.
రెండో నెల లవంగం కొరుకుతూ వచ్చింది,
మూతికి రెండు గుడ్డలు కట్టుకుంటున్నానంది.
నిజమో కాదో నేను అడగలేదు,
అద్దం ఉంది కదా.

ఈ సోమవారం మెట్ల మీద గాజుల చప్పుడు.
అయిదు కోట్లు, అయిదు టిఫిన్ డబ్బాలు.
ఎవరికీ ఏ నొప్పీ లేదంట.
నేను నోరు తెరిచేలోగా
సుంకులమ్మ చెయ్యి అడ్డం పెట్టి
తనే చెబుతోంది గుర్రమ్మకి:

"నోరు తెరువే, నాలుక పట్టుకుంటాదంతే.
ఏ చెంపన వక్క పెడతావో ముందే చెప్పు.
అబద్ధం ఆడాకు,
ఆడ లైటుంటాది."